ఎర్త్ లేని కారు

బ్రేకు తొక్కితే వెనక ఇండికేటరు మసగ్గా వెలిగేది. ఇండికేటరు వేస్తే పార్కింగు దీపాలు దానితో కలిసి తాళం వేసేవి. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే పెట్రోలు ముల్లు ఉన్నచోటు వదిలి కదిలిపోయేది. హారన్ అయితే దాని ఇష్టం. పొద్దున బాగా మోగితే సాయంత్రానికి గొంతు పూడుకుపోయిన మేకలా మూలిగేది. ఈ నాలుగూ నాలుగు జబ్బులనుకుని రెండేళ్ళపాటు నాలుగు చోట్ల డబ్బు పోశాను. నేను అనంతపురంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద బ్యాటరీ, బల్బు గీసి, వలయం పూర్తి కాకపోతే విద్యుత్తు ప్రవహించదని పిల్లల చేత రాయిస్తున్నాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే తరువాత చెప్పబోయేది చదివి మీరు నవ్వినా నాకు పెద్దగా అనిపించదు.

బండి పేరు శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల చిన్న కారు. పేరు విన్నవాళ్ళు తక్కువ, చూసినవాళ్ళు ఇంకా తక్కువ. పైన గుడ్డ టాపు, ముందు రెనో వారి 1149 సీసీ పెట్రోలు ఇంజను, 60 హార్స్ పవర్. ఆ మాత్రం శక్తి ఇవాళ మామూలు చిన్న కార్లకూ ఉంటుంది కాబట్టి దీన్ని స్పోర్ట్స్ కారు అంటే కొందరు మొహం చిట్లిస్తారు. వాళ్ళు ఒక్కసారి ఇందులో కూర్చుని చూడాలి. నేలకు జానెడు ఎత్తులో కూర్చుని, టాపు తీసేసి, బుక్కరాయసముద్రం దాటాక తాడిపత్రి రోడ్డు మీద అరవైలో పోతుంటే వందలో పోతున్నట్టే ఉంటుంది. పక్కనుంచి లారీ పోతే దాని చక్రం మన చెవి దగ్గర తిరుగుతుంది. బాడీ అంతా ఫైబరు, గాజు పోగులతో చేసింది. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు ఎర్ర సబ్బుపెట్టె.

2003 జూన్‌లో రిజిస్టరైన బండి, ఏపీ 02 నంబరు. 2021లో కరోనా రెండో విడత సద్దుమణిగాక, ఊళ్ళోనే ఒక కాంట్రాక్టరు గారి షెడ్డులో వేరుశనగ బస్తాల పక్కన దుమ్ము తింటూ కనిపించింది. లక్షా నలభై వేలకు తెచ్చుకున్నాను. తెచ్చిన ఉత్సాహంలో మొదట చేసిన పని, కింద ఇనుప ఫ్రేము పట్టిన తుప్పు గీకించి, నల్ల పెయింటు దట్టంగా రెండు పూతలు వేయించడం. ఎంత మంచి పని చేశానో అని ఆ రోజు కాలరెగరేశాను. ఈ పెయింటును గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

తరువాత నెల తిరక్కుండానే దీపాల గోల మొదలైంది. బల్బులు పోయాయేమోనని మార్చాను. ఫ్లాషరు మార్చాను. హారన్ ఒకటి మార్చాను, అది కూడా మూలిగితే ఇంకొకటి కొన్నాను. పెట్రోలు ట్యాంకులో తేలే ఫ్లోటు చెడిందని ఒకాయన అంటే దాన్ని ఊడదీయించి, మెరుగు పెట్టించి, మళ్ళీ బిగించాను. ప్రతి రిపేరు తరువాతా ఒక వారం బాగుండేది. ఇప్పుడు ఆలోచిస్తే దానికి కారణం కొత్త సామాను కాదు. విప్పి బిగించేటప్పుడు వైరు కొసలు కాస్త రాపిడి పడి శుభ్రమయ్యేవి, అంతే. మొత్తం మీద తొమ్మిది వేల చిల్లర పోయింది. ఊళ్ళో ఒక యాక్సెసరీస్ షాపువాళ్ళు మొత్తం వైరింగు మార్చేయాలి, ముప్పై అయిదు వేలవుతుందని కూడా చెప్పారు. దాదాపు ఒప్పుకున్నాను.

ఇలా ఇంకెన్నాళ్ళు నెట్టుకొచ్చేవాడినో గానీ, 2023 జూన్‌తో ఆర్సీ గడువు ముగుస్తుందని ఫిబ్రవరిలో గుర్తొచ్చింది. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. ఆ తరువాత అయిదేళ్ళకొకసారి బండిని తీసుకెళ్ళి చూపించి పొడిగించుకోవాలి. ఈ పొడిగింపు ఫీజు కారుకు ఒకప్పుడు ఆరు వందలు, 2022 ఏప్రిల్‌లో అయిదు వేలు చేశారు. డబ్బు సంగతి అటుంచితే, ఇన్‌స్పెక్టరు గారు ఇండికేటరు వేయమన్నప్పుడు పార్కింగు దీపాలు కూడా వెలిగితే ఏమని చెప్పాలి? పండగ అలంకరణ అని చెప్పలేను కదా.

గుత్తి రోడ్డు వైపు లారీలకు వైరింగు చేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఊళ్ళో అందరికీ భాయ్. వయసు అరవై దాటింది. దుకాణం అంటే ఒక వేపచెట్టు, ఒక రేకు పెట్టె, ఒక పాత లారీ సీటు. కార్లు సాధారణంగా ఆయన దగ్గరకు రావు. మా కాలేజీ అటెండరు తమ్ముడు లారీ డ్రైవరు, అతను చెబితే వెళ్ళాను.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. వేలితో తలుపు మీద కొట్టి చప్పుడు విన్నారు.

"ఇది రేకు కాదు కదా సార్?"

"కాదు భాయ్, ఫైబరు."

"మరి దీపానికి మైనస్ ఎక్కడి నుంచి వస్తుంది?"

నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. ఆయనకు నా ఉద్యోగం ఏమిటో తెలియదు, అది నా అదృష్టం.

విషయం చాలా చిన్నది. ఇనుప బాడీ కారులో బ్యాటరీ మైనస్‌ను బాడీకి కలిపేస్తారు. దీపానికి ప్లస్ వైరు ఒక్కటి తీసుకెళ్తే చాలు, తిరుగు ప్రయాణం రేకులోనుంచే జరుగుతుంది. దీన్నే మన వాళ్ళు ఎర్త్ అంటారు. భూమితో సంబంధమేమీ లేదు గానీ మాట అలా స్థిరపడింది. ఫైబరులో విద్యుత్తు పారదు. కాబట్టి ఇలాంటి బండిలో ప్రతి దీపానికీ, హారన్‌కూ, వైపరు మోటారుకూ వెనక్కి వచ్చే వైరు కూడా విడిగా ఉండాలి. అవన్నీ వచ్చి ఇనుప ఫ్రేము మీద ఏదో ఒక బోల్టు కింద చేరతాయి. ఆ బోల్టు దగ్గర పట్టు తప్పితే, దాని మీద ఆధారపడిన వస్తువులన్నీ ఒకేసారి తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి. బండి తయారీలో లోపం కాదిది, ఫైబరు బాడీ ఉన్న ఏ కారుకైనా ఇదే పద్ధతి.

నా బ్రేకు దీపం ఇండికేటరును ఎందుకు వెలిగించేదో కూడా అక్కడ నిలబడే అర్థమైంది. వెనక దీపాల గుత్తికంతటికీ ఎర్త్ వైరు ఒక్కటే. ఆ దారి మూసుకుపోతే బ్రేకు బల్బులోకి వెళ్ళిన విద్యుత్తు ఊరుకోదు. పక్కనున్న ఇండికేటరు బల్బులోకి వెనకనుంచి దూరి, దాని వైరు పట్టుకుని ముందు ఇండికేటరు దాకా పోయి, అక్కడ ఎర్త్ దొరికితే బ్యాటరీకి చేరుతుంది. ఇంత దూరం తిరిగి వచ్చేసరికి సత్తువ పోతుంది కాబట్టి ఆ దీపాలన్నీ గుడ్డిగా వెలుగుతాయి. వంక పెట్టడానికి వీల్లేదు, నా పాఠం ప్రకారమే నడుచుకుంది పాపం. నేనే దాని పాఠం వినలేదు.

భాయ్ పెట్టెలోంచి పొడుగాటి వైరు ఒకటి తీశారు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కు తగిలించి, రెండో కొసను వెనక దీపం హోల్డరుకు ఆనించారు. బ్రేకు దీపం భగ్గుమని వెలిగింది. ఇండికేటరు ఆరిపోయింది. అదే కొసను హారన్‌కు పట్టారు. చెట్టు మీద కాకులు లేచిపోయాయి. ఇదంతా అర నిమిషం పని.

నేను మాత్రం పరువు దక్కించుకోవాలని మరునాడు కాలేజీ ల్యాబు నుంచి మల్టీమీటరు తెచ్చాను. హెడ్‌లైటు వేసి ఉంచి, మీటరు ఒక తీగ దీపం మైనస్ మీద, ఇంకొకటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి కొలిచాను. తిరుగు దారి బాగుంటే ఆ రెండింటి మధ్య తేడా దాదాపు సున్నా ఉండాలి, పాత బండిలో ఒక వోల్టులో అయిదో వంతు వరకు సర్దుకోవచ్చు. నాకు వచ్చింది 3.1. అంటే పన్నెండులో మూడు వోల్టులు దారిలోనే పోతున్నాయి. మూడేగా అనుకోవద్దు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పావు వంతు తగ్గితే వెలుగు పావు తగ్గి ఊరుకోదు, మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. ధర్మవరం రోడ్డులో రాత్రి పూట గేదెలు దగ్గరకు వచ్చేదాకా ఎందుకు కనిపించేవి కావో అప్పుడు తెలిసింది. నేను నా కళ్ళద్దాలు మార్పించుకున్నాను దీనికోసం!

ఇప్పుడు ఆ పెయింటు. ఎర్త్ బోల్టులు వెతుక్కుంటూ భాయ్ కింద దూరారు. మూడు చోట్ల దొరికాయి. బ్యాటరీ దగ్గర ఒకదాని కింద ఏడు వైర్లు. విప్పితే రాగి కొసలకు పచ్చటి చిలుము. దాని కింద ఫ్రేము మీద నున్నటి, నల్లటి, అందమైన పెయింటు, రెండు పూతలు. పెయింటు వేసిన కుర్రాడు బోల్టులు విప్పి, శుభ్రంగా పూసి, ఆరాక వైర్లను పెయింటు మీదనే తిరిగి బిగించాడు. వాడి తప్పేమీ లేదు. దట్టంగా వేయమని పక్కన నిలబడి చెప్పింది నేను. పెయింటు విద్యుత్తును పోనివ్వదు. అన్నాళ్ళూ బోల్టు మరల సందులోంచి ఎంత పోతే అంతతోనే బండి నడిచింది.

"పెయింటు బాగుంది సార్," అన్నారు భాయ్ కింద నుంచి. ఎగతాళి చేశారో నిజంగానే అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆయన చేసిన పని ఇది. బోల్టు కూర్చునే చోట రూపాయి బిళ్ళంత మేర పెయింటు గీకి తెల్లటి ఇనుము తేల్చారు. వైర్ల కొసలు కోసి కొత్త రింగులు నొక్కి, టాకా వేశారు. ఇనుములోకి కరుచుకునే పళ్ళ వాషరు పెట్టి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశారు. జెల్లీ ముందు పూయకూడదు, బిగించాకే పూయాలి. బ్యాటరీ నుంచి ఇంజనుకు ఒకటి, ఫ్రేముకు ఒకటి లావు కేబుళ్ళు కొత్తవి వేశారు. ఏడు వైర్లు ఒకే బోల్టు కింద ఇరికించడం ఆయనకు నచ్చలేదు. నన్ను టవర్ క్లాక్ దగ్గరున్న కరెంటు సామాను దుకాణానికి పంపి, ఇళ్ళలో మెయిన్ బాక్సులో వాడే న్యూట్రల్ లింకు తెప్పించారు. వరసగా మరలున్న ఇత్తడి పట్టీ అది, నూట ఇరవై రూపాయలు. ఒక్కో వైరుకు ఒక్కో మర. ఇకమీదట ఏ దీపం అలిగినా దాని మర ఏదో నాకు తెలుసు, పక్కన తెల్ల పెయింటుతో అంకెలు కూడా వేసుకున్నాను.

మొత్తం పద్దెనిమిది వందల యాభై. సామానుతో కలిపి. రెండు హారన్లు ఊరికే పడి ఉన్నాయని చెబితే రెండూ కలిపి బిగించారు. ఇప్పుడు ఆ సబ్బుపెట్టె పూర్తి స్థాయి లారీలా అరుస్తుంది. అడగకుండానే ఇంకొక లాభం కూడా వచ్చింది. రేడియేటరు ఫ్యాను ఎర్త్ కూడా ఆ బోల్టు కిందే ఉందట. సప్తగిరి సర్కిల్ దగ్గర సిగ్నలు పడితే ఎక్కే వేడి ముల్లు ఇప్పుడు సగం దాటడం లేదు.

దీపాలు అయ్యాయి, ఇక పగులు. ఎడమ వైపు ముందు చక్రం పైన జానెడు పొడుగున ఫైబరు చీలి ఉంది. టింకరింగ్ చేసే కుర్రాడి దగ్గరకు తీసుకెళ్తే సుత్తి, గ్యాసు దీపం సిద్ధం చేసుకున్నాడు. ఇది రేకు కాదు నాయనా అంటే నమ్మక, జేబులోంచి అయస్కాంతం తీసి అతికించబోయాడు. అది జారి కింద పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. నలుగురూ పోగయ్యారు. మొత్తానికి అతనే మంచి దారి చూపించాడు: "అన్నా, బాత్రూం తలుపులు చేసేవాళ్ళను అడుగు."

అక్కడి నుంచి నాకు పద్ధతి అర్థమైంది. ఈ కారు పేరు చెప్పి మెకానిక్‌ను వెతికితే అనంతపురంలో ఒక్కరూ దొరకరు. బండిని ఏ వస్తువుకు ఆ వస్తువుగా విడదీసి చూస్తే అందరూ ఉన్నారు. ఫైబరుకు తలుపులవాళ్ళు, గుడ్డకు కుట్టేవాళ్ళు, బుష్‌కు లేత్ మిషన్ వాళ్ళు.

తలుపుల తయారీదారు రేపు పొద్దున ఆరుకల్లా రమ్మన్నాడు. ఏప్రిల్ నెల అది, మధ్యాహ్నం నలభై దాటుతోంది. ఆరుకు ఎందుకని అడిగితే ఎండలో రెజిన్, అంటే ఫైబరును అతికించే జిగురు, ఆగదన్నాడు. రెజిన్‌లో గట్టిపడే మందు నూటికి ఒకటి రెండు పాళ్ళు కలుపుతారు. చల్లటి వేళ అయితే పావుగంట, ఇరవై నిమిషాలు చేతికి లొంగుతుంది. మా ఊరి మధ్యాహ్నం కలిపితే మగ్గులోనే వేడెక్కి రాయవుతుంది. అలా రాయైపోయిన మగ్గులు అతని షెడ్డు మూల అరడజను కనిపించాయి.

పగులు మీద పైనుంచి పూస్తే మూడు నెలల్లో మళ్ళీ తేలుతుంది. లోపలి వైపు నుంచి అరగదీసి, పగులు అంచులను ఏటవాలుగా తీసి, ఫైబరు మ్యాటు ముక్కలను చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది చొప్పున మూడు పొరలు రెజిన్‌తో తడిపి అతికించాడు. పొర పొరకూ చిన్న రోలరుతో గాలి బుడగలు నొక్కేశాడు. పగులు రెండు చివర్లా సన్నటి రంధ్రం కూడా వేశాడు, అది ఇంకా పాకకుండా. పైన లప్పం పెట్టి సాపు చేయడం, రంగు వేయడం వేరే చోట. ఇరవై ఏళ్ళ ఎండకు వెలిసిన ఎరుపుకు సరిపడే రంగు ఏ డబ్బాలోనూ ఉండదు. రంగులు కలిపే అతను కంటి అంచనాతో నాలుగు చుక్కల నలుపు, కాస్త పసుపు కలిపి తెచ్చాడు. నీడలో కలిసిపోయింది, ఎండలో తెలుస్తుంది. నాకది చాలు.

ఒక్క సలహా. అరగదీసేటప్పుడు పక్కన నిలబడకండి. నేను ముచ్చటపడి నిలబడ్డాను. ఆ గాజు పొడి చేతులకు అంటుకుని రెండు రోజులు దురద. వేడినీళ్ళ స్నానం చేస్తే ఇంకా పెరిగింది. ముందు చన్నీళ్ళతో కడుక్కోవాలని తలుపులాయన తరువాత చెప్పాడు. తరువాత! ఆ పూట ఇద్దరం కలిసి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటున్నాం కాబట్టి కోపం చూపించలేకపోయాను.

గుడ్డ టాపు మీద నాకు అన్నిటికంటే భయం ఉండేది. వెనక అద్దం స్థానంలో ఉండే ప్లాస్టిక్ షీటు పసుపెక్కి, పెళుసై, మడత దగ్గర చిట్లిపోయింది. బెంగళూరులో ఒకచోట అడిగితే టాపు మొత్తం కొత్తది కుడతామని ఇరవై రెండు వేలు చెప్పారు. ఒక సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తూ తల ఎత్తి చూశాను. రెగ్జిన్ టాపు. వెనక పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ. చుట్టూ రెండు వరసల కుట్టు. నేను వెతుకుతున్నది నా నెత్తి మీదే ఉంది.

ఆటో టాపులు కుట్టే ఆయన బస్టాండు వెనక ఉంటాడు. బండిని చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "రెండు చక్రాలు ముందున్న ఆటో," అన్నాడు. పాత ప్లాస్టిక్‌ను కొలతకోసం కత్తిరించకుండా జాగ్రత్తగా కుట్లు విప్పాడు, ఆ కుట్టు రంధ్రాలే కొత్తదానికి గుర్తులు. ఆటోకు వేసే షీటు కంటే మందమైనది వేయమన్నాను. మందం ఎక్కువైతే మడత పడక త్వరగా చిట్లుతుందని వద్దన్నాడు, ఆయన మాటే విన్నాను. కుట్టు పూర్తయ్యాక దారం మీద కొవ్వొత్తి రుద్ది, పైన ఎండలో ఉంచాడు. మైనం కరిగి సూది రంధ్రాల్లోకి దిగితే నీళ్ళు రావట. కూలీ, షీటు కలిపి తొమ్మిది వందలు. టాపును మడిచేటప్పుడు ప్లాస్టిక్ మధ్య పాత దుప్పటి పరచమని, చలికాలం పొద్దున్నే మడవొద్దని చెప్పి పంపాడు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఊళ్ళో సర్దుకున్నవి. బ్రేకుల దగ్గర మాత్రం ఈ సర్దుబాటు బుద్ధిని ఇంట్లో వదిలి వెళ్ళాను. చక్రాల దగ్గర రబ్బరు బ్రేకు గొట్టాలు బీటలు వారాయి. వేరే బండివి కాస్త అటూ ఇటూగా సరిపోతాయని ఒకరిద్దరు అన్నారు. కాస్త అటూ ఇటూ అయిన బ్రేకుతో గుత్తి రోడ్డు మీద లారీల మధ్య తిరిగే ధైర్యం నాకు లేదు. పాత గొట్టాలు సంచిలో వేసుకుని రైలెక్కి బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్ళాను. అక్కడ కారు పేరు చెబితే నవ్వుతారు. వస్తువు చేతిలో పెట్టి, మర సైజు, పొడవు కొలిపించుకుంటే పని జరుగుతుంది. ఇంజను సామానుకైతే ఇంజను కోడ్ చెప్పాలి, డి7ఎఫ్. రెనో వాళ్ళు యూరప్‌లో ట్వింగో, క్లియో కార్లకు వాడిన ఇంజనే ఇది. ఆ కోడ్ చెప్పాకే టైమింగు బెల్టు గురించి ఒక దుకాణదారు తలెత్తి నా మొహం చూశాడు. తెప్పించడానికి మూడు వారాలు పట్టింది.

టైర్ల సంగతి కూడా అక్కడే బయటపడింది. నా టైర్లకు గాడులు నిండుగా ఉన్నాయని గర్వంగా చెప్పాను. టైరు పక్క గోడ మీది చివరి నాలుగు అంకెలు ఏమిటని ఆ దుకాణదారు అడిగాడు. ఫోనులో ఫొటో ఉంది, 2409. అంటే 2009లో ఇరవై నాలుగో వారంలో తయారైనవి. పద్నాలుగేళ్ళ రబ్బరు, గాడులు ఎంత ఉంటే ఏమిటి. ఇంటికొచ్చి గోరుతో నొక్కితే చెక్కలా ఉంది. నాలుగూ మార్చాను. ఖర్చులో పెద్ద భాగం అదే.

గడువుకు అరవై రోజుల ముందు నుంచి పొడిగింపునకు దరఖాస్తు చేసుకోవచ్చు, ఫారం 25. పొల్యూషన్ సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు ఉన్నాయి. మే చివర్లో ఒక ఉదయం బండి తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. వరసలో ట్రాక్టర్లు, పాత మారుతీలు, మధ్యలో నా సబ్బుపెట్టె. ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్ది అచ్చు తీయాలంటే, అక్కడ కూడా నా నల్ల పెయింటే అడ్డం. సిరా సీసా మూతతో గీకి గీకి తేల్చాల్సి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు గారు చుట్టూ తిరిగి చూశారు.

"ఏ దేశం బండి ఇది?"

"గోవా సార్."

ఆయన నవ్వలేదు. ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు, బ్రేకు, వైపరు. హారన్ కొట్టమన్నారు. కొట్టాను. ముందున్న ట్రాక్టరు అతను ఉలిక్కిపడి పక్కకు జరిపాడు. ఈసారి ఆయన కూడా కాస్త నవ్వారు. 2028 దాకా ఆర్సీ వచ్చింది.

ఒక్క పరీక్ష మాత్రం మిగిలిపోయింది. టాపు నీళ్ళు కారుతుందో లేదో తేలలేదు. పైపు పెట్టి కడిగి చూడొచ్చు గానీ మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, కారు టాపు మీద ధారగా పోస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాదొకటని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన వాళ్ళం. జూన్ పోయింది, జూలైలో నాలుగు చినుకులు. ఆగస్టంతా ఎండే. చేలల్లో వేరుశనగ వాడిపోతుంటే కారు టాపు కోసం వాన రావాలని అనుకోవడం కూడా తప్పనిపించింది.

సెప్టెంబరులో ఒక రాత్రి పదకొండు గంటలకు గట్టిగా పట్టుకుంది. జనం వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. నేను టార్చి తీసుకుని, పాత వార్తాపత్రిక చంకలో పెట్టుకుని, పరుగెత్తి కారులో కూర్చున్నాను. పత్రికను సీట్ల మీద, డిక్కీ వైపు పరిచి, లైటు వేసుకుని చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ గొడుగుతో గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. అరగంట కురిసింది. వెనక ప్లాస్టిక్ చుట్టూ ఒక్క చుక్క లేదు. కుట్టు పొడిగా ఉంది. ముందు అద్దం కుడి మూల రబ్బరు బీడింగు కింద నుంచి మాత్రం సన్నగా ఒక ధార వచ్చి నా మోకాలి మీద పడింది.

ఆ బీడింగు మార్చాలి. మార్చినా, సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే మళ్ళీ వాన రావాలి.